గాడిద గారి వంశవృక్షం

షికాగో పక్కనున్న మా అరోరాలో జ్ఞానప్రసూన గారిని ఎరగని తెలుగువాళ్ళు తక్కువ. పెళ్ళి ఫొటో అయినా, పిల్లల డిగ్రీ కాగితమైనా, ఇండియా నుంచి తెచ్చుకున్న అమ్మమ్మ నలుపు తెలుపు బొమ్మైనా ఫ్రేము కట్టించాలంటే అందరం ఆవిడ పనిచేసే దుకాణానికే వెళ్ళేవాళ్ళం. మాట తక్కువ, చెయ్యి నెమ్మది. ఎవరైనా నొప్పించినా ముఖం మీద ఏమీ కనిపించేది కాదు. కనిపించదు కాబట్టి ఆవిడకు కోపమే రాదని చాలామంది అనుకున్నారు. డాక్టర్ పరంధామయ్య గారూ అలాగే అనుకున్నారు.

ఆవిడ పుట్టింది తెనాలిలో. తండ్రి చిన్నప్పుడే పోతే తాత రంగయ్య దగ్గర పెరిగింది. రంగయ్య నాటకాల కంపెనీలకు తెరల మీద బొమ్మలు వేసేవాడు. అడవి తెర, దర్బారు తెర, వీధి తెర. నేలమీద గుడ్డ పరిచి, దానిమీదే కూర్చుని, చీపురంత కుంచెతో ఆకాశం వేస్తుంటే మనవరాలు రంగు డబ్బా పట్టుకుని వెనకాలే తిరిగేది. బొమ్మలు వేయడం ఆవిడకు అలా అబ్బింది. తర్వాత చిత్రకళలో డిగ్రీ చేసింది, పద్మనాభాన్ని పెళ్ళి చేసుకుంది, ఐదేళ్ళ కూతురు దేదీప్యతో ఇలినాయ్ వచ్చింది. పద్మనాభం రోడ్ల శాఖలో ఇంజనీరు. ఎవరితోనూ తగవు పడని మనిషి.

2006 దీపావళికి మా తెలుగువాళ్ళందరం హాలు అద్దెకు తీసుకుని భోజనాలు పెట్టుకున్నాం. అప్పటికి దేదీప్య, పరంధామయ్య గారబ్బాయి శ్రీహర్ష రెండేళ్ళుగా ఒకరినొకరు ఇష్టపడుతున్నారు. ఆ సంగతి రెండిళ్ళలోనూ తెలుసు. పద్మనాభం పళ్ళెం పట్టుకుని డాక్టరు గారు కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"పిల్లలిద్దరూ ఒక మాట అనుకున్నారు కదండీ. ఏదైనా ఆదివారం మీ ఇంటికొస్తాం, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు.

పరంధామయ్య గారిది మామూలుగానే పెద్ద గొంతు. ఆ రోజు చుట్టూ వినేవాళ్ళు కూడా ఉన్నారు.

"మీ అమ్మాయి మంచిపిల్ల పద్మనాభం గారూ, నో కంప్లైంట్స్. కానీ సంబంధం అంటే పిల్లను ఒక్కదాన్నే చూసి చేసేది కాదు. మా ఇంట్లో తాత దాకా అడుగుతారు. మీ ఆవిడ గారి తాత డ్రామా కంపెనీల్లో గుడ్డలకు రంగులు పూసేవాడట కదా. సంస్థానంలో దివాన్‌గా చేసిన మా తాతగారి మునిమనవడికి ఆ ఇంటి పిల్లను ఎలా చేసుకుంటామండీ? మీరే చెప్పండి."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు చూసి ఇంకొందరు నవ్వారు. పద్మనాభం పళ్ళెంలో అన్నం కలుపుతూ నిలబడ్డాడు. నాలుగడుగుల దూరంలో దేదీప్య గులాబ్ జామ్ గిన్నె పట్టుకుని అంతా విన్నది. ఆ పక్కనే శ్రీహర్ష తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. ప్రసూన కూతురి చేతిలోని గిన్నె తీసి బల్లమీద పెట్టి, భుజం పట్టుకుని బయటికి తీసుకుపోయింది.

ఆ వారంలోనే శ్రీహర్ష ఫోన్ చేసి, నాన్నతో పోట్లాడలేనని చెప్పేశాడు. దేదీప్య కొన్నాళ్ళు ఏడ్చి, అరిజోనాలో చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. ఏడాది తిరిగేసరికి ఫోన్లో నవ్వుతూ మాట్లాడడం మొదలుపెట్టింది. పద్మనాభం కూడా ఆ సంగతి ఎత్తడం మానేశాడు.

ప్రసూన మరిచిపోలేదు. ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే మ్యాట్ బోర్డు కోస్తున్నా, అద్దం తుడుస్తున్నా ఆ నవ్వు చెవిలో వినపడేది. ఆయన ఎదురుపడితే నమస్కారం పెట్టేది. ఆయన పెద్దరికంగా తలూపేవాడు. తిట్టాలని ఆవిడకు లేదు. తిడితే నోరున్న మనిషి అంటారు, రెండ్రోజులు చెప్పుకుని మరిచిపోతారు. ఆయన అవమానాన్ని ఆయనే చేతులారా నెత్తికెత్తుకుని, నలుగురికీ చూపించుకుంటూ తిరగాలి. అది ఎలాగో మాత్రం ఆవిడకు తెలియలేదు.

2009 వసంతంలో పక్క ఊరు జెనీవాలో ఒక ముసలావిడ పోతే, పిల్లలు ఇంట్లో సామాను సమస్తం అమ్మకానికి పెట్టారు. పాత ఫ్రేములు దొరుకుతాయని ప్రసూన వెళ్ళింది. మెట్ల కింద అట్టపెట్టెలో, అద్దం పగిలిన ఫ్రేములో ఒక బొమ్మ కనిపించింది. రాగిరేకు మీద ఆమ్లంతో కొరికించి, ఆ రేకుకు సిరా పూసి కాగితం మీద అచ్చొత్తిన పాతకాలపు పని. అందులో ఒక గాడిద. మనిషిలా కోటు తొడుక్కుని బల్ల ముందు దర్జాగా కూర్చుంది. బల్లమీద పెద్ద పుస్తకం తెరిచి పట్టుకుని మనవైపు చూపిస్తోంది. ఆ పుటల్లో వరసలు వరసలుగా చిన్న చిన్న గాడిదలు. అడుగున స్పానిష్‌లో మూడు మాటలు.

చిత్రకళ చదివిన మనిషి కాబట్టి చేతిని గుర్తుపట్టింది. స్పెయిన్ దేశపు పాతకాలం చిత్రకారుడు గోయా. బేరమాడకుండా కొనేసింది.

దుకాణంలో ఆవిడతో పాటు లూపే అని మెక్సికో నుంచి వచ్చిన అమ్మాయి పనిచేసేది. మర్నాడు బొమ్మను ఆ అమ్మాయి ముందు పెట్టి, కింద ఏం రాసుందని అడిగింది.

"ఆస్తా సు అబువేలో" అని చదివి లూపే నవ్వింది. "వాడి తాత దాకా అని. మా వంశం ఇంతటిది, మా తాతలు అంతటివాళ్ళు అని గొప్పలు పోయేవాళ్ళను వెక్కిరిస్తున్నాడు. తాత దాకా వెళ్ళి వెతికినా గాడిదలేనట."

ప్రసూన స్టూలు మీద కూలబడింది. నవ్వు మొదలైంది, ఆగలేదు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఆగలేదు. లూపే భయపడి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

షికాగోలో పాత అచ్చు బొమ్మలు అమ్మే ఒకతనికి తీసుకెళ్ళి చూపించింది. చిత్రకారుడు పోయాక అవే రేకులతో మళ్ళీ తీసిన ప్రతి అనీ, కాగితం వయసు నూరేళ్ళు దాటిందనీ, నకలు కాదనీ అతను చెప్పాడు. చాలు అనుకుంది. ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది.

"డాక్టరు గారి షష్టిపూర్తికి పిలుపొచ్చిందిగా. వెళ్దాం. కానుక నేను చూస్తాను."

పద్మనాభం బొమ్మ చూశాడు, అర్థం విన్నాడు. "వద్దు ప్రసూనా. తెలిస్తే గొడవవుతుంది."

"తెలియాలనే ఇస్తున్నాను."

"ఎప్పటి మాట అది. అమ్మాయే వదిలేసింది."

"మీరు అన్నం కలుపుతూ నిలబడ్డారు చూడండి, ఆ పక్కనే నిలబడి నేను చూశాను. నేను వదల్లేదు."

ప్రసూన నెలరోజులు ఆ ఫ్రేము పని మీదే కూర్చుంది. బంగారు పూత పూసిన చెక్క, ఎండకు కాగితం పాడవని అద్దం, కింది మూడు మాటలూ స్పష్టంగా కనపడేలా కోసిన మ్యాట్. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేసింది.

షష్టిపూర్తి అయిన వారానికి పరంధామయ్య గారి నుంచి ఫోనొచ్చింది. తిట్లకు సిద్ధపడి ఎత్తింది.

"ప్రసూన గారూ, ఇది ఒరిజినలేనటమ్మా. మనిషిని పిలిచి చూపించాను. ఇంత గొప్ప వస్తువు మీరు నాకివ్వడం... మా ఫైర్‌ప్లేస్ మీద పెట్టించాను. మా వంశవృక్షం ఉండేది అక్కడ, దాన్ని పక్కకు జరిపాను."

ఆవిడ ఫోను పెట్టేసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. గాడిద బొమ్మ ఇస్తే గాడిదను చూడలేదు. పేరు చూశాడు, వెల చూశాడు, గోడకు ఎక్కించాడు.

ఆ ఏడు దసరాకు డాక్టరు గారి భార్య పద్మ గారు బొమ్మల కొలువుకు పిలిచింది. వెళ్ళేసరికి పరంధామయ్య గారు నలుగురు అతిథులను ఫైర్‌ప్లేస్ ముందు నిలబెట్టి బొమ్మను వివరిస్తున్నాడు.

"యూరప్‌లో గాడిద అంటే మన దగ్గర లాగా కాదండీ. అక్కడ ఓర్పుకీ, పాండిత్యానికీ గుర్తు. చూశారా, గ్రంథం చదువుతోంది. స్పెయిన్ రాజుగారి ఆస్థాన చిత్రకారుడు వేసింది."

అతిథులు తలలూపారు. ప్రసూన వాయనం తీసుకుని, శనగలు తిని, ఇంటికొచ్చింది. మొదట ఒళ్ళు మండింది. తగలాల్సినవాడికి తగలకపోతే ఇక దెబ్బేముంది అనిపించింది. కానీ రోజులు గడిచేకొద్దీ ఇదే బాగుందనిపించింది. ఆయన ఎవర్ని పిలిచినా ముందు అక్కడికే తీసుకెళ్ళేవాడు. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ తన చేత్తోనే చూపించేవాడు. ఎప్పుడో ఒకప్పుడు స్పానిష్ చదవగలిగినవాళ్ళు ఆ గదిలోకి అడుగుపెడతారు. అప్పుడు తానూ అక్కడ ఉండాలి, అంతే. అందుకని ఆ ఇంటి నుంచి ఏ పిలుపొచ్చినా మానలేదు. వ్రతమన్నారు, పుట్టినరోజన్నారు, అన్నిటికీ పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. పాత సంగతులు మనసులో పెట్టుకోని మనిషని పరంధామయ్య గారు ఆవిడను మెచ్చుకునేవాడు కూడా.

2011 వేసవిలో శ్రీహర్షకు సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు అవని, ఈ దేశంలోనే పుట్టి పెరిగింది. జెర్సీ సిటీలో ఉంటుంది, మన్‌హాటన్‌లో ఉద్యోగం. తాంబూలాలకు ఆ అమ్మాయి వైపు వాళ్ళు విమానంలో వచ్చారు. ప్రసూననూ పద్మనాభాన్నీ కూడా పిలిచారు. శ్రీహర్ష ఆవిడకు ఎదురుపడకుండా గదులు మారుతున్నాడు.

మధ్యాహ్నం భోజనాలకు ముందు పరంధామయ్య గారు వియ్యంకుణ్ణి ఫైర్‌ప్లేస్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ముందు వంశవృక్షం చూపించి, దివాన్ గారి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క పేరే చదువుకొచ్చాడు. వెనకాల ఇరవై ముప్ఫై మంది నిలబడి వింటున్నారు. ఆ తర్వాత బొమ్మవైపు తిరిగాడు.

"మా కలెక్షన్‌లో ఇది మణిపూస. ఈ గాడిద ఎవరనుకున్నారు? ఒక పండితుడు."

అవని ముందుకొచ్చి వంగి చూసింది. ఇక్కడి పిల్లలు కొందరిలాగే హైస్కూల్లో నాలుగేళ్ళు స్పానిష్ చదువుకుంది.

"అంకుల్, ఇట్స్ నాట్ ఎ పండిట్. ఇక్కడ రాసి ఉంది కదా. 'వాళ్ళ తాత వరకు' అని. ఆ బుక్‌లో అన్నీ డాంకీస్ చూడండి. ఇట్స్ హిజ్ ఫ్యామిలీ ట్రీ." అంటూనే పక్కనున్న వంశవృక్షం వైపు చూసింది. అక్కడే ఆగాల్సింది, కానీ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఓ మై గాడ్. హూ పుట్ దిస్ నెక్స్ట్ టు దట్?"

ముందు అవని తండ్రి నవ్వాడు. తర్వాత వెనకాల ఎవరో. ఆ తర్వాత గది మొత్తం. పరంధామయ్య గారు బొమ్మనూ, వంశవృక్షాన్నీ, మళ్ళీ బొమ్మనూ చూశాడు. మెడ మీంచి ఎరుపు పాకి చెవుల దాకా వచ్చింది. "తాత దాకా" అని తనలో తాను అన్నాడు. అన్నాక, ఆ దీపావళి రోజు తానే ఆ మాట ఎవరితో అన్నాడో గుర్తొచ్చినట్టుంది. తలెత్తి గదంతా వెతికాడు.

ప్రసూన కిటికీ దగ్గర నిలబడి ఉంది. కళ్ళు దించుకోలేదు. రెండు చేతులూ జోడించి, ఎప్పుడూ పెట్టే నమస్కారమే పెట్టింది.

బయల్దేరేటప్పుడు పద్మ గారు గుమ్మం దాకా వచ్చి బొట్టు పెట్టింది. "ఎవరో ఒకరు చదవడానికి రెండేళ్ళు పట్టింది ప్రసూన గారూ" అంది నెమ్మదిగా.

"మీకు తెలుసా?"

"ముప్ఫై ఏళ్ళు ఆయన క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చున్నాను. స్పానిష్ పేషెంట్లతో మాట్లాడింది నేనేగా. కానుక మీది కాగితం విప్పిన రోజే చదివాను."

"మరి ఆయనకు చెప్పలేదేం?"

పద్మ గారు కుంకుమ భరిణె మూత పెట్టింది. "మా నాన్న హోటల్లో వంటవాడు. పెళ్ళైనప్పట్నుంచీ ఆ తాతల మాట వింటూనే ఉన్నాను. మీరు మళ్ళీ రండి."

పెళ్ళి ఆగలేదు. కానీ ఆ మాట అరోరా నుంచి పక్క ఊరు నేపర్విల్ దాకా పాకింది. పరంధామయ్య గారు కనపడకపోతే "తాత దాకా గారు రాలేదేం" అని అడిగేవాళ్ళు. ఆయన చెవినా పడింది. ఆయన జనంలోకి రావడం తగ్గించేశాడు. ఆ వార్తలన్నీ ప్రసూనకు దుకాణానికి వచ్చినవాళ్ళే మోసుకొచ్చేవాళ్ళు. ఆవిడ పని ఆపకుండా వినేది. చాలా బాగుండేది వినడానికి.

దేదీప్యకు ఎవరో చెప్పారు. ఒక శనివారం ఫోన్ చేసింది.

"అమ్మా, నువ్వు నిజంగా అలా చేశావా? వై? నేను ఎప్పుడో మూవ్ ఆన్ అయిపోయాను. ఇప్పుడు అందరూ మళ్ళీ నా గురించే మాట్లాడుతున్నారు. హర్ష వదిలేసిన అమ్మాయి, వాళ్ళమ్మ రివెంజ్ తీసుకుంది అని. నన్ను ఒక్క మాట అడిగావా?"

"నీకోసం చేయలేదు" అంది ప్రసూన.

"మరి?"

"మా తాత కోసం. నాకోసం."

"అయితే అందరికీ అది చెప్పు" అని పెట్టేసింది. ఆ తర్వాత చాలా నెలలు తండ్రితోనే మాట్లాడేది. ఫోను మోగితే పద్మనాభం బయట పెరట్లోకి వెళ్ళి మాట్లాడేవాడు. ప్రసూన వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండేది. ఆ దెబ్బ కూతురికీ తగులుతుందని తాను లెక్కలోకి తీసుకోలేదు.

2013 ఫిబ్రవరిలో పరంధామయ్య గారు దుకాణానికి వచ్చాడు. మనిషి చిక్కాడు. దుప్పట్లో చుట్టిన బొమ్మను కౌంటరు మీద పెట్టాడు.

"ఇది మీరు తీసేసుకోండమ్మా."

"కానుక వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదండీ. మా తాత నేర్పలేదు."

లూపే లోపలికి వెళ్ళిపోయింది. "ఆ రోజు నేనన్న మాట తప్పే. క్షమించండి" అన్నాడు చివరికి.

ప్రసూన చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. "ఆ మాట మీరన్నది హాలు నిండా జనం ఉండగా. ఈ దుకాణంలో మనిద్దరమే ఉన్నాం. ఇక్కడ చెబితే దానికి చెల్లవుతుందా?"

"అంతమందినీ ఇప్పుడు ఎక్కడినుంచి తేను?"

"ఉగాదికి వస్తారుగా."

ఆయన బొమ్మకు మళ్ళీ దుప్పటి చుట్టి, తీసుకుని వెళ్ళిపోయాడు. రాడనే ఆవిడ అనుకుంది.

ఉగాది రోజు వచ్చాడు. పచ్చడి పంచాక, పిల్లల డాన్సుల మధ్యలో మైకు తీసుకున్నాడు. గొంతులో పాత దర్జా తిరిగొచ్చింది. "మన మధ్య ఒక గొప్ప కళాకారుల వంశం నుంచి వచ్చిన సోదరి ఉన్నారు. తెనాలి రంగయ్య గారి మనవరాలు జ్ఞానప్రసూన గారిని ఈ శుభదినాన సత్కరించుకోవడం నా అదృష్టం" అని శాలువా విప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

ప్రసూన వేదిక మీదికి వెళ్ళింది. ఆయన శాలువా కప్పబోతే చేయి అడ్డం పెట్టింది. మైకు దగ్గరే ఉంది కాబట్టి ఆవిడ మామూలుగా అన్న మాట హాలంతటికీ వినపడింది.

"శాలువా అడగలేదండీ నేను. మీరు చెబుతానన్న మాట వేరు."

చప్పట్లు ఆగిపోయాయి. పరంధామయ్య గారు రెండు చేతుల్లో శాలువా పట్టుకుని, కప్పడానికీ లేక మడవడానికీ లేక నిలబడిపోయాడు. ముందు వరసలో పద్మ గారు కూర్చుని ఉంది, లేవలేదు. వెనక ఏదో బల్ల దగ్గర చిన్నపిల్ల ఏడిస్తే తల్లి ఊరుకోబెట్టింది.

"ఇదే హాల్లో వీళ్ళ తాతగారిని నేను హీనంగా మాట్లాడాను" అన్నాడాయన, గొంతు బాగా తగ్గించి. "అలా అనకూడదు. తప్పు నాది."

ప్రసూన విన్నది. క్షమించానని అనలేదు, ఫర్వాలేదనీ అనలేదు. అడిగినా అనేది కాదు. వేదిక దిగి పద్మనాభం పక్కన కూర్చుని చెప్పులు సర్దుకుంది. తర్వాతి డాన్సుకు పాట మొదలైంది.

కార్‌లో ఎక్కాక పద్మనాభం తాళం తిప్పకుండా ఆగాడు. "ఇంకా ఏమైనా ఉందా ప్రసూనా, అయిపోయినట్టేనా?"

ఆవిడ సీటు బెల్టు పెట్టుకుంది. "ఆయనతో అయిపోయింది" అంది. బ్యాగులోంచి ఫోను తీసి కూతురి నంబరు నొక్కింది. చాలాసార్లు మోగింది. పెట్టేద్దామనుకునేలోపు అవతల దేదీప్య ఎత్తి, "చెప్పు" అంది.

"ఏం తిన్నావే?" అని అడిగింది ప్రసూన.